ఉన్న వయసు కంటే పెద్దగా కనిపిస్తున్నారా? కారణం పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

నలభై కూడా రాకుండానే ఎవరో ‘అంకుల్’ అనో ‘ఆంటీ’ అనో పిలిస్తే, ఇంటికొచ్చి అద్దంలో మనం వెతికేది ముడతల కోసమే. మర్నాడు కొనుక్కొచ్చేది కూడా ముడతల క్రీమే. మనలో చాలామందికి డబ్బు వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే. చామనఛాయ, నలుపు చర్మాల్లో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ. అది ఎండ దెబ్బను కొంతవరకు కాచుకుంటుంది కాబట్టి యూరప్ వాళ్లతో పోలిస్తే మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి. మనకు ముందు వచ్చేవి రంగు తేడాలు: బుగ్గల మీద మంగు, మూతి చుట్టూ నలుపు, నుదురు ఒక రంగు, చెంప ఒక రంగు. వాటికి తోడు ఊడిన దవడ పళ్లు, వంగిన భుజాలు, మొహానికి నప్పని జుట్టు రంగు. చూసేవాళ్ల కంటికి మన వయసు చెప్పేవి ఎక్కువగా ఇవే. ముడతల వంతు వీటి తర్వాతే. అందుకే ఇక్కడ ఎండ, రంగు సంగతులు ముందు చెబుతున్నాను.

ఇదంతా ఒట్టి అందం గొడవ అని కొట్టిపారేయకండి. 2009లో డెన్మార్క్ పరిశోధకులు డెబ్బై దాటిన కవలల ఫోటోలు చూపించి, వాళ్ల వయసు ఎంత ఉంటుందో ఊహించమన్నారు. తర్వాత కొన్నేళ్ల పాటు ఆ కవలలను గమనిస్తే, ఇద్దరిలో పెద్దగా కనిపించినవాళ్లే ముందు చనిపోయే అవకాశం ఎక్కువని తేలింది. లోపలి ఆరోగ్యం కొంత మొహంలో తెలిసిపోతుందన్నమాట. జన్యువుల వాటా కూడా లేకపోలేదు. 2016లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనలో, ఎంసీ1ఆర్ అనే జన్యువులో కొన్ని తేడాలున్నవాళ్లు సగటున రెండేళ్లు పెద్దగా కనిపిస్తున్నారని గుర్తించారు. అది తెల్లవాళ్ల మీద చేసిన పరిశోధన. ఏదేమైనా, అమ్మానాన్నల నుంచి వచ్చినదాన్ని మార్చలేం. ఎండ, పొగాకు, పళ్లు, జుట్టు, బరువు, నిలబడే తీరు మాత్రం మన చేతిలోవే.

మొదటి అడుగు: నాలుగు ఫోటోలు

ఏం కొనకముందు మీకు వయసు ఎక్కడ కనిపిస్తోందో తేల్చుకోండి. పొద్దున పూట కిటికీ పక్కన నిలబడి, ఇంట్లోవాళ్లతో నాలుగు ఫోటోలు తీయించుకోండి: ఎదురుగా, కుడి చెంప, ఎడమ చెంప, నాలుగోది పక్క నుంచి నిలువెత్తుగా. ఫోన్‌లో బ్యూటీ మోడ్, ఫ్లాష్ రెండూ ఆపేయాలి. సెల్ఫీ వద్దు. చెయ్యి చాచినంత దూరంలో కెమెరా ముక్కును పెద్దది చేసి, చెవులను వెనక్కి నెట్టేస్తుంది. ఐదారు అడుగుల దూరం నుంచి తీసిందే నమ్మదగింది. నవ్వకుండా, మామూలు మొహంతో నిలబడండి. నవ్వితే కళ్ల పక్కన గీతలు లేస్తాయి. నవ్వుతున్న ఫోటో చూసి వయసు ఊహించమంటే జనం ఒకటి రెండేళ్లు ఎక్కువే చెబుతారని ఇజ్రాయెల్ పరిశోధకులు చూపించారు. అంతమాత్రాన నవ్వడం మానుకోవద్దు. ఫోటో పరీక్షకు మాత్రం పక్కన పెట్టండి, అంతే.

ఇప్పుడు ఐదారేళ్ల కిందటి మామూలు ఫోటో ఒకటి పక్కన పెట్టుకుని చూడండి. పెళ్లి ఆల్బమ్ పనికిరాదు, అందులో మేకప్, రీటచింగ్ ఉంటాయి. ముందు రంగు చూడండి, తర్వాత బుగ్గలు నిండుగా ఉన్నాయా పీక్కుపోయాయా, తర్వాత మూతి, జుట్టు, ఆఖరున భుజాలు, మెడ.

కారు గానీ లారీ గానీ ఎక్కువగా నడిపేవాళ్లు రెండు చెంపలనూ పోల్చి చూసుకోవాలి. 2012లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ 69 ఏళ్ల ఒక అమెరికన్ లారీ డ్రైవర్ ఫోటో వేసింది. ఆయన 28 ఏళ్లు లారీ నడిపాడు. అక్కడ డ్రైవర్ ఎడమ పక్క కూర్చుంటాడు కాబట్టి, ఎడమ చెంప మందంగా, లోతైన గీతలతో ముసలివాడిదిలా, కుడి చెంప అంతకంటే చాలా చిన్నవాడిదిలా ఉన్నాయి. మనిషి ఒక్కడే, తిండి, నిద్ర అన్నీ ఒకటే, తేడా ఎండ ఒక్కటే. మన దగ్గర డ్రైవర్ సీటు కుడి పక్క ఉంటుంది కాబట్టి కుడి చెంప, కుడి ముంజేయి చూసుకోండి. అద్దాలు ఎత్తి ఉన్నాయి కదా అని ధీమా వద్దు. చర్మాన్ని మాడ్చే యూవీబీ కిరణాలను గాజు ఆపుతుంది గానీ, లోతుకు దిగి చర్మాన్ని సాగదీసే యూవీఏ కిరణాలు పక్క అద్దాల్లోంచి చాలావరకు లోపలికి వచ్చేస్తాయి.

రెండో అడుగు: ఎండ

ఒక్క పనే చేయగలను అనుకునేవాళ్లు ఇది చేయండి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని నాంబోర్ అనే ఊళ్లో 55 ఏళ్ల లోపువాళ్లను 900 మందికి పైగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపు రోజూ సన్‌స్క్రీన్ రాసుకుంది, రెండోది తోచినప్పుడు రాసుకుంది. నాలుగున్నరేళ్ల తర్వాత చూస్తే, రోజూ రాసుకున్నవాళ్ల చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉంది. 2013లో ఈ ఫలితాలు వచ్చాయి. అక్కడివాళ్లది తెల్ల చర్మం, నిజమే. కానీ రంగు తేడాల మీద ఎండ ప్రభావం మన చర్మంలో ఇంకా ఎక్కువ.

ఎస్‌పీఎఫ్ 30 చాలు, పక్కన పీఏ+++ అని ఉండేది తీసుకోండి. ఎస్‌పీఎఫ్ సంఖ్య యూవీబీ సంగతి చెబుతుంది, పీఏ గుర్తు యూవీఏ సంగతి చెబుతుంది. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది కొలతలో. శనగగింజంత తీసుకుని మొహమంతా పులిమితే డబ్బా మీద రాసినంత రక్షణ రాదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు గీసి, అదంతా మొహానికీ మెడకూ వాడాలి. చెవి అంచులు, మెడ వెనక భాగం, జుట్టు పలచబడినవాళ్లు నడినెత్తి మరిచిపోకూడదు. చేతుల వెనక్కి విడిగా ఇంకొంచెం రాయాలి. మొహం జాగ్రత్తగా చూసుకున్నవాళ్ల అసలు వయసు చేతుల దగ్గర బయటపడుతుంది. బయటే పని ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

మంగు ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. యూవీ కిరణాలే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా నల్లటి చర్మంలో మచ్చలను ముదురు చేస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ ఆపుతుంది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా అవుతుందన్న బాధ కూడా దానితో తగ్గుతుంది.

పొలంలోనో, కట్టడం దగ్గరో, బండి మీద డెలివరీలు చేస్తూనో రోజంతా ఎండలో ఉండేవాళ్లకు రెండు గంటలకోసారి క్రీమ్ రాయడం కుదిరే పని కాదు. వాళ్లకు బట్టే మందు. తలకు చుట్టిన తువ్వాలు, అంచు వెడల్పున్న టోపీ, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, స్కూటీ మీద చున్నీతో పాటు చేతులకు గ్లౌజులు. పలచటి తెల్ల బట్ట కంటే దట్టంగా నేసిన ముదురు రంగు బట్ట ఎక్కువ ఆపుతుంది. పొద్దున 10 నుంచి సాయంత్రం 4 లోపు వీలైనంత నీడపట్టున ఉండండి.

మూడో అడుగు: తెలుపు కాదు, సమానమైన రంగు

ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. తెల్లగా ఉంటే చిన్నగా కనిపిస్తాం అన్నది మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోసిన అబద్ధం. ముఖం ఆకారం, గీతలు అన్నీ అలాగే ఉంచి, ఫోటోల్లో చర్మం రంగు తేడాలు మాత్రమే మార్చి చూపించిన పరిశోధనలు ఉన్నాయి. రంగు సమానంగా ఉన్న మొహాన్నే జనం చిన్నవయసుగా చదివారు. నలుపైనా చామనఛాయైనా సరే, నుదుటి నుంచి గడ్డం దాకా ఒకే తీరుగా ఉంటే ఆ మొహం లేతగా కనిపిస్తుంది.

తెలుపు మోజులో పడి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల వల్ల ఎన్నో మొహాలు పాడవుతున్నాయి. ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. మొదటి రెండు మూడు వారాలు మొహం మెరుస్తుంది, అందరూ బాగుందంటారు. ఆపగానే ఎర్రబడి మండుతుంది. అందుకని మళ్లీ రాస్తారు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, ఆడవాళ్లకు బుగ్గల మీద వెంట్రుకలు కూడా వస్తాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు సిగ్గుపడకుండా స్కిన్ డాక్టర్‌కు ఆ ట్యూబే చూపించండి. మానడానికి ఒక పద్ధతి ఉంటుంది.

నిమ్మరసం, వంటసోడా మొహానికి రాయొద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి, తర్వాత నల్లటి మరకలు మిగులుతాయి. నైలాన్ పీచుతో ఒళ్లు గట్టిగా రుద్దుకునే అలవాటున్నవాళ్లకు వీపు, భుజాలు, ముంజేతుల మీద అలలు అలలుగా నలుపు వస్తుంది. మురికి అనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు, ఇంకా నల్లబడుతుంది. రుద్దడం మానడమే దానికి మొదటి వైద్యం.

మెడ వెనక మందంగా, మఖమల్‌లా ముట్టుకుంటే మెత్తగా ఉండే నలుపు కూడా మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు చాలాసార్లు అదే. సబ్బు మార్చడం కాదు, షుగర్ పరీక్ష చేయించుకోండి. షుగర్ జబ్బు లేనివాళ్లలో కూడా రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉన్నవాళ్లు పెద్దగా కనిపిస్తున్నారని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో తేలింది. నడక మొదలుపెట్టి, అన్నం కొలత తగ్గించి, బరువు దిగితే ఆ నలుపు నెమ్మదిగా తగ్గుతుంది.

కళ్ల కింద నలుపు మన కుటుంబాల్లో వంశపారంపర్యంగా చాలా ఎక్కువ. తల్లికీ మేనమామకీ ఉంటే మీకూ రావచ్చు. క్రీములతో అది పూర్తిగా పోతుందని ఆశపడి డబ్బు తగలేయకండి. ఎలర్జీ వల్ల కళ్లు నులుముకునే అలవాటుంటే ఆ ఎలర్జీకి మందు వాడండి. నిద్ర మాత్రం నిజంగా తేడా తెస్తుంది. నిద్ర చాలనివాళ్ల ఫోటోల్లో కనురెప్పలు వాలిపోయి, మూతి అంచులు కిందికి జారి కనిపిస్తాయని స్వీడన్‌లో చేసిన పరిశోధన చూపించింది.

నాలుగో అడుగు: రాత్రి రాసే మందు

ఎండ నుంచి కాపాడుకోవడం అలవాటైన తర్వాతే ఇది. ముడతలకు, పాత ఎండ దెబ్బకు ఎక్కువ రుజువులున్న మందులు విటమిన్ ఎ కుటుంబానివి. డాక్టర్ రాసిచ్చే ట్రెటినోయిన్ గట్టిది, షాపులో దొరికే రెటినాల్ మెత్తనిది. మొహమంతటికీ బఠాణీ గింజంత చాలు. మొదట వారానికి రెండు రాత్రులు, చర్మం తట్టుకుంటే నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. ముందు మాయిశ్చరైజర్, దాని మీద మందు రాసుకుంటే మంట తగ్గుతుంది. పొట్టు లేస్తే రెండు రోజులు ఆపండి. మన చర్మంలో మంట పుడితే అక్కడ నల్లటి మచ్చ మిగులుతుంది, తొందరపడితే ఉన్నది పోయి ఇంకోటి వస్తుంది. ఫలితానికి కనీసం మూడు నాలుగు నెలలు ఆగాలి. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు వీటి జోలికి వెళ్లకూడదు.

పీలింగ్, లేజర్ చేయించుకోవాలనుకుంటే ఎండీ చేసిన చర్మవ్యాధి నిపుణుల దగ్గరే. పార్లర్‌లో వద్దు. వేడి ఎక్కువైతే మచ్చలు పడేది మన రంగు వాళ్లకే.

ఐదో అడుగు: పళ్లు, దవడ, పొగాకు

మొహం వయసు గురించి మాట్లాడేటప్పుడు పళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలి. కట్టుడు పళ్లు తీసి గ్లాసులో వేసిన బామ్మ మొహం గమనించండి. పై పెదవి లోపలికి మడుచుకుంటుంది, ముక్కు కొనకూ గడ్డానికీ దూరం తగ్గుతుంది, మూతి చుట్టూ తాడు బిగించిన సంచి మూతిలా గీతలు లేస్తాయి. పళ్లు పెట్టుకోగానే పెదవి నిండుగా బయటికొస్తుంది. చర్మం అదే, మారింది లోపలి ఆసరా.

నలభైల్లో ‘వెనక పన్నే కదా, ఎవరికి కనిపిస్తుంది’ అని పీకించేసుకుని ఊరుకునేవాళ్లకు మెల్లగా జరిగేది ఇదే. పన్ను లేని చోట దవడ ఎముక కరుగుతూ పోతుంది. పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది, బుగ్గ లోపలికి పోతుంది. అందుకని పన్ను పీకించుకోక ముందే రూట్ కెనాల్‌తో నిలబడుతుందేమో అడగండి. తప్పనిసరై పీకితే, ఆ ఖాళీని దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్‌తోనో పక్క పళ్ల ఆసరాతో కట్టే బ్రిడ్జితోనో తీసి పెట్టుకునే పళ్లతోనో నింపించుకోండి. ఎముక కరగకుండా ఎక్కువగా కాపాడేది ఇంప్లాంటే, ఖర్చూ దానికే ఎక్కువ. పాత కట్టుడు పళ్లు వదులైతే మూతి మళ్లీ లోపలికి పోతుంది, కొలత తీయించి కొత్తవి చేయించుకోవాలి. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే ఆలస్యం చేయొద్దు, పెద్దవాళ్లకు పళ్లు ఊడటానికి ముఖ్య కారణాల్లో చిగుళ్ల జబ్బు ఒకటి.

పొగాకు విషయంలో మెతకగా మాట్లాడలేను. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా చర్మానికి రక్తం అందకుండా చేస్తాయి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్‌ను విరగ్గొడతాయి. కవలల్లో పొగ తాగే ఒకరినీ తాగని ఒకరినీ పక్కపక్కన పెట్టి అమెరికాలో పోల్చినప్పుడు, తాగేవాళ్ల కళ్ల కింద సంచులు, మూతి చుట్టూ గీతలు ఎక్కువగా కనిపించాయి. శ్రీకాకుళం, విశాఖ తీరం ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు కాలే కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ఆ వేడికి అంగిలి తెల్లబడి, పుండ్లు పడి, క్యాన్సర్ దాకా పోవచ్చు. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లకు బుగ్గ లోపల బిరుసెక్కి నోరు సరిగా తెరుచుకోదు, బుగ్గలు పీక్కుపోతాయి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే డెంటల్ డాక్టర్‌ను వెంటనే కలవాలి.

ఆరో అడుగు: జుట్టు, కాటుక

ఇరవై ఐదేళ్ల లోపే జుట్టు నెరుస్తుంటే రంగు కంటే ముందు రక్తపరీక్ష: బి12, ఐరన్, థైరాయిడ్. మాంసం, గుడ్లు, పాలు తీసుకోనివాళ్లకు బి12 లోపం త్వరగా వస్తుంది. లోపం సరిదిద్దితే కొందరిలో నెరవడం ఆగుతుంది. ఇంట్లో అందరికీ అలాగే వచ్చి ఉంటే అది వంశం గుణం, దిగులు పెట్టుకోవద్దు.

రంగు వేసుకుంటే అచ్చమైన నలుపు వద్దు. యాభై దాటినవాళ్ల జుట్టు పలచబడి ఉంటుంది. కారు నలుపు వేస్తే వెంట్రుకల మధ్య మాడు ఇంకా తెల్లగా బయటపడుతుంది, పది రోజులకే పాపిట దగ్గర తెల్ల గీత వచ్చేస్తుంది. ముదురు గోధుమ రంగు ఈ రెండింటినీ దాచిపెడుతుంది. మగవాళ్లు మీసానికి తల కంటే ఒక మెట్టు లేత రంగు వేయాలి. నల్ల మీసం, ముదిరిన మొహం కలిస్తే వయసు దాగదు, ఇంకా ఎత్తి చూపినట్టవుతుంది. శుభ్రంగా కత్తిరించిన పూర్తి తెల్ల జుట్టు, సగం సగం దిగిపోయిన రంగు కంటే ఎప్పుడూ నయం.

రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనంతో ఎలర్జీ వస్తే కళ్లు మూసుకుపోయేంత వాపు వస్తుంది. ‘అమ్మోనియా లేదు’ అని రాసి ఉంటే పీపీడీ లేదని అర్థం కాదు. నల్ల హెన్నా అని అమ్మేవాటిలోనూ అది ఉంటుంది, ఎందుకంటే అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది. కొత్త రంగు ఏదైనా చెవి వెనక చుక్కంత రాసి 48 గంటలు చూశాకే తలకు పట్టించాలి.

కాటుకకూ పెదాల రంగుకూ ఉన్న శక్తి గురించి ఒక మాట. వయసు పెరిగేకొద్దీ కనుబొమలు పలచబడతాయి, పెదాల రంగు వెలిసిపోతుంది, కళ్లకూ చుట్టూ ఉన్న చర్మానికీ మధ్య తేడా తగ్గుతుంది. ఫోటోల్లో ఆ తేడాను పెంచితే మొహం చిన్నవయసుదిగా కనిపిస్తుందని 2013లో ఫ్రెంచ్, అమెరికన్ పరిశోధకులు చూపించారు. కాబట్టి మొహమంతా ఫౌండేషన్ మెత్తడం కంటే, కనుబొమలు కొంచెం దిద్ది, కాటుక పెట్టి, పెదాలకు సొంత రంగు కంటే కాస్త ఎర్రటి ఛాయ వేస్తే చాలు. త్రెడింగ్‌లో కనుబొమలను దారంలా సన్నగా చేయించుకోవద్దు.

ఏడో అడుగు: బరువు, నిలబడే తీరు

నలభై లోపు లావుగా ఉంటే పెద్దగా కనిపిస్తారు. నలభై దాటాక మొహంలో కొవ్వు సహజంగానే తగ్గుతుంది కాబట్టి, మరీ సన్నబడినవాళ్లే ముసలివాళ్లుగా కనిపిస్తారు. కవలలను పోల్చిన ఇంకో పరిశోధనలోనూ ఇదే తేలింది. పెళ్లి ముహూర్తానికి రెండు నెలల్లో పదిహేను కిలోలు దించుకున్నవాళ్లను చూసి ‘ఏంటి ఇలా చిక్కిపోయావు, ఒంట్లో బాలేదా?’ అని బంధువులు అడిగేది అందుకే. బరువు తగ్గాల్సినవాళ్లు తగ్గాలి, కానీ నెలకు రెండు కిలోలకు మించకుండా, పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు పెంచుకుంటూ, కండ కరగకుండా బరువులెత్తే వ్యాయామం చేస్తూ.

దూరం నుంచి వచ్చే మనిషి వయసును మొహం కనపడకముందే నడకను బట్టి అంచనా కడతాం. గోడకు మడమలు, పిరుదులు, భుజాలు ఆనించి నిలబడండి. తల వెనక భాగం కష్టపడకుండా గోడకు తగలాలి. తగలకపోతే ఫోన్ మీదికి వంగి వంగి మెడ ముందుకొచ్చేసిందని లెక్క. ఫోన్‌ను కంటి ఎత్తుకు తెచ్చుకోండి, కంప్యూటర్ కింద నాలుగు పుస్తకాలు పెట్టండి, రోజూ పొద్దున, సాయంత్రం గోడ దగ్గర కాసేపు గడ్డం వెనక్కి లాగి నిలబడండి. వయసులో ఉన్నప్పటి కంటే 4 సెంటీమీటర్లకు మించి ఎత్తు తగ్గినవాళ్లు, ముఖ్యంగా నెలసరి ఆగిన ఆడవాళ్లు, వెన్నెముక గుల్లబారిందేమో పరీక్ష చేయించుకోవాలి.

బట్టల సంగతి రెండు ముక్కలు: భుజం కుట్టు భుజం మీదే ఉండాలి, జాకెట్టు కొలత ఈ ఏడాదిదై ఉండాలి.

మరీ చిన్నగా కనిపించేవాళ్లకు

‘నువ్వు స్టూడెంటా, సారా?’ అని అడిగించుకునే కొత్త లెక్చరర్లకు, పేషంట్లు పెద్ద డాక్టర్ ఎక్కడని వెతుక్కునే హౌస్ సర్జన్లకు ఇది నిజంగానే ఇబ్బంది. గుండ్రటి బుగ్గలు, పెద్ద నుదురు, పెద్ద కళ్లు, చిన్న గడ్డం ఉంటే మన మనసు దాన్ని పసిమొహంగా చదువుతుందని 1943లోనే కొన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త రాశాడు. మొహం మార్చక్కర్లేదు. మగవాళ్లకు నీట్‌గా కత్తిరించిన గడ్డం కొన్నేళ్లు కలుపుతుంది. కళ్లజోడు వాడేవాళ్లు సన్నటి వైర్ ఫ్రేమ్ బదులు కోణాలున్న మందపాటిది ఎంచుకోండి. ఆడవాళ్లకు గంజి పెట్టిన కాటన్ చీర, వెనక్కి దువ్వి వేసిన ముడి చాలు. మాటలో తొందర తగ్గించి, వాక్యం చివర గొంతు పైకి లేవకుండా ముగించండి. క్లాసులో బట్టల కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

ఇవేవీ కాక, ఉన్నట్టుండి మారితే

రెండు మూడు నెలల్లోనే అందరూ ‘ఇలా అయిపోయావేంటి’ అంటుంటే అది క్రీములతో తేలే విషయం కాదు. తిండి మామూలుగా తింటున్నా బరువు తగ్గిపోతుంటే షుగర్, థైరాయిడ్, టీబీ పరీక్షలు చేయించాలి. మొహం ఉబ్బి, చర్మం పొడిబారి, కనుబొమల బయటి కొసలు రాలిపోతుంటే థైరాయిడ్ తక్కువైందేమో చూడాలి. కళ్ల కింది రెప్ప లోపలి భాగం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే రక్తం ఎంతుందో చూపించుకోవాలి. ఒక పక్క కనురెప్పో మూతో ఉన్నట్టుండి జారితే మాత్రం రేపటి దాకా ఆగకండి. అది పక్షవాతం కావచ్చు, 108కి ఫోన్ చేసి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.